జీతం బిల్లు వెనుక ఒక కవి: కీ.శే. మఖ్దూం మొహియుద్దీన్

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. ముప్పయ్యారేళ్లపాటు ఆఫీసు నోట్లు, మెమోలు తప్ప మరొకటి వ్రాయని చెయ్యి నాది. ఉద్యోగులకు మేలు చేసిన ఒక పెద్దమనిషి జీవితం గురించి వ్రాస్తే బాగుంటుందని ఆయనే సలహా ఇచ్చారు. మిత్రులు చాలామంది తమ పాత అధికారుల గురించి వ్రాస్తారని నాకు తెలుసు. నేను మాత్రం కంటితో ఎన్నడూ చూడని మనిషిని ఎన్నుకున్నాను. ఆయన ఉర్దూ కవి, కమ్యూనిస్టు నాయకుడు. మన పింఛనుదారుల పత్రికలో ఆయనకేం పని అని కొందరికి అనిపించవచ్చు. ఆ పని ఏమిటో చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మాది అమ్రాబాద్. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా, 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా. అచ్చంపేట వైపు నుండి వచ్చేవారు మన్ననూరు ఘాటు ఎక్కితే గాని మా ఊరు చేరరు. పైన నల్లమల, చెంచు పెంటలు, పొడ తూర్పు ఎడ్లు. 1970లలో నేను ఒక సమితి ఆఫీసులో విద్యా విభాగం గుమాస్తాను. ఏ సమితి అన్నది ఇక్కడ అనవసరం. టీచర్ల పే బిల్లులు, ఇంక్రిమెంట్లు, సర్వీసు రిజిస్టర్లు నా బల్లమీదే ఉండేవి. వయసు పాతికేళ్లు. టీచరు నమస్కారం పెట్టి నిలబడితే నాకు లోలోపల గర్వంగా ఉండేది.

అడవిలో ఒక పెంటలో ఏకోపాధ్యాయ పాఠశాల నడిపే సారు ఒకరుండేవారు. జీతం కోసం పొద్దున కాలినడకన బయలుదేరితే మధ్యాహ్నానికి రోడ్డు చేరి బస్సు పట్టేవారు. ఆయన వార్షిక ఇంక్రిమెంటు ఫైలు నా దగ్గర ఐదు నెలలు ఆగిపోయింది. అభ్యంతరం ఏమీ లేదు. ఒకనాడు ఆయన నాతో కాస్త గట్టిగా మాట్లాడారు, నేను ఫైలు కిందకి నెట్టాను. సంగతి ఇంతే.

ఒక సోమవారం ఉపాధ్యాయ సంఘం తాలూకా బాధ్యుడు వచ్చారు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిన పెద్ద సారు, తెల్ల పైజామా, నల్ల గొడుగు. అరవలేదు, అర్జీ ఇవ్వలేదు. బెంచీ మీద కూర్చుని ఆ రిజిస్టరు చూపించమన్నారు. రేపు రండి అన్నాను. సాయంత్రం ఐదింటిదాకా కూర్చుని వెళ్లారు. మర్నాడూ వచ్చారు, మూడోనాడూ వచ్చారు. ఆయన ఊరకే కూర్చున్నకొద్దీ ఆఫీసులో అందరూ నావైపు చూడసాగారు. మూడోనాడు సాయంత్రం నేను చాయ్ తెప్పించి, ఈ వయసులో మీకెందుకు సారూ ఈ తిప్పలు అన్నాను. ఆయన చాయ్ తాగుతూ, తమ సంఘం పెట్టిన మనిషి సిటీ కాలేజీలో లెక్చరరు నౌకరీ వదిలి వచ్చాడని, దానిముందు తాను మూడు రోజులు బెంచీ మీద కూర్చోవడం ఏపాటిదని అన్నారు. ఆ మనిషి పేరు మఖ్దూం అన్నారు. నాలుగో రోజు బిల్లు పాసయింది.

అప్పటినుండి ఆ పేరు కనబడిన చోటల్లా చదువుతూ వచ్చాను.

అబూ సయీద్ మహమ్మద్ మఖ్దూం మొహియుద్దీన్ ఖుద్రీ 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోలులో పుట్టారు. నేడది సంగారెడ్డి జిల్లా. తండ్రి చిన్నతనంలోనే పోయారు. తల్లి మరో వివాహం చేసుకోవలసి వచ్చింది. పిల్లవాణ్ణి చిన్నాన్న బషీరుద్దీన్ చేరదీశారు. అది భక్తిగల సామాన్య కుటుంబం. మసీదు ఊడ్వడం, నీళ్లు తోడి పోయడం ఆ పిల్లవాడి పని. రష్యాలో విప్లవం వచ్చిన సంవత్సరం మఖ్దూంకు తొమ్మిదేళ్లు. అక్కడ ఇకమీదట అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారట అని చిన్నాన్న ఇంట్లో చెప్పిన మాట తన మనసులో నాటుకుపోయిందని ఆయన తరువాతి కాలంలో చెప్పుకునేవారు. అంతటి పెద్ద సంగతి ఆ పల్లెటూరి ఇంటికి అన్నం మాటగానే చేరింది.

అందోలుకు ఆనుకునే జోగిపేట ఉంది. 1930లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినది అక్కడే. దానికి అధ్యక్షులు మన పాలమూరు జిల్లావారు, శ్రీ సురవరం ప్రతాపరెడ్డిగారు. మరుసటి ఏడు రెండో సభ మాకు డిండి నదికి అవతల ఉన్న దేవరకొండలో శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన జరిగింది. నేను ఈ మాట ఎందుకు ఎత్తానంటే, ఆ రోజుల్లో నిజాం ఇలాకాలో నలుగురు ఒకచోట కూడాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అని పేరుబడ్డ ఉత్తర్వు అది. ఖాన్గీ బడి పెట్టాలన్నా ఇజాజత్ కావలసిందే. గ్రంథాలయాలు, పాఠశాలలు కావాలన్నవే ఆంధ్ర మహాసభ తొలి తీర్మానాలు. చదువు చెప్పేవాడు సభ పెట్టడం అటుంచి, చదువు కావాలని అడగడానికే అనుమతి కావలసిన కాలం.

మఖ్దూం 1929లో మెట్రిక్ పాసై హైదరాబాదు చేరారు. ఉస్మానియాలో చదువుతూ ట్యూషన్లు చెప్పి, బొమ్మలు అమ్మి పొట్ట పోసుకున్నారు. కొన్ని రాత్రులు మసీదులో పడుకున్నారని మిత్రులు చెప్పుకునేవారు. అయినా మనిషి సరదా మనిషి. మొదటి కవిత పచ్చ దుశ్శాలువా మీద వ్రాసిన హాస్య కవిత అట, హాస్టలంతా పాడుకున్నారట. బెర్నార్డ్ షా నాటకం ఒకదాన్ని ఉర్దూలోకి మలచి ఆడితే రవీంద్రనాథ్ ఠాగూరు చూసి మెచ్చుకుని శాంతినికేతన్‌కు రమ్మన్నారు. వెళ్లి ఉంటే మరో రకం జీవితం అయ్యేది. ఠాగూరు కవిత్వం మీద ఉర్దూలో ఒక చిన్న పుస్తకం కూడా వ్రాశారు. 1934లో బి.ఎ., 1936లో ఎం.ఎ. అయ్యాయి. ఆ దశాబ్దం చివర సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకులుగా కుదిరారు.

నిజాం సర్కారులో సిటీ కాలేజీ అధ్యాపకుని కొలువు ఎంతటిదో మన తరంవారికి చెప్పనక్కరలేదు. జీతం హాలీ సిక్కాలో అయినా, ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానమైనా, నెలనెలా చేతికి వచ్చేది, చివర పింఛను ఉండేది. అదీగాక ఆయన అనాథగా పెరిగినవాడు. అలాంటివాడికి స్థిరమైన నౌకరీ విలువ అందరికంటే ఎక్కువ తెలుస్తుంది. ఇక్కడే నేను ఎప్పుడూ ఆగిపోతాను. 1941లో ఆయన ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. అంతకు ముందే హైదరాబాదులో కమ్యూనిస్టు పార్టీ నిర్మించినవారిలో ఒకరు. రెండూ కుదరవని తేల్చుకుని నౌకరీ వదిలారు. నేను సర్వీసులో ఉన్నంతకాలం సస్పెన్షను మాట వింటేనే నిద్రపట్టని మనిషిని. ఆయన రాజకీయాలతో నాకు పూర్తిగా ఏకీభావం లేదు, ఎప్పుడూ లేదు. కాని ఆ రాజీనామా కాగితం మాత్రం నాకు కళ్లకు కట్టినట్లు ఉంటుంది.

ఆ కాలంలోనే, 1940లో, ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు హైమెన్‌డార్ఫ్ మా అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య మకాం వేసి వారి జీవనం గురించి పుస్తకానికి వివరాలు వ్రాసుకుంటున్నాడు. 1943లో ఆ పుస్తకం అచ్చయింది. కందమూలాలు, తేనె, ఇప్పపువ్వు మీద బ్రతికే ఆ పెంటల్లో చదువు అన్న మాటకు అప్పటికి చోటే లేదు. నగరంలో లెక్చరరు నౌకరీ వదులుతున్న నాటికి మా వైపు పరిస్థితి అది.

ఉద్యోగం వదిలిన మఖ్దూం కార్మికుల మధ్య తిరిగారు. చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, ఆల్విన్, షాబాద్ సిమెంటు, రైల్వే, ఇట్లా ఒక్కొక్కచోట సంఘాలు పెట్టించారు. జైలుకూ వెళ్లారు. 1944లో మొదటి కవితాసంపుటి సుర్ఖ్ సవేరా వచ్చింది. ఆయన పాటలు కార్మికులు నోటితోనే నేర్చుకున్నారు, అందులో చాలామందికి చదువు రాదు. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడితే ఆయనే అధ్యక్షులు.

మన సంగతి ఇక్కడ వస్తుంది. సంఘాలంటే మిల్లు కూలీలకే అనుకునే కాలం. పంతులు అంటే గురువు, గౌరవమే ఆయన జీతం అనేవారు. ఆ గౌరవం పేరుతోనే నెలల తరబడి జీతం ఆపేవారు. పట్వారీకి లేని బాధ పంతులుకు ఉండేది. ఫ్యాక్టరీ కార్మికుణ్ణి, బడిపంతులును ఒకే బెంచీ మీద కూర్చోబెట్టిన ఆలోచన మఖ్దూంది. స్వయంగా తరగతి గదిలో నిలబడి పాఠం చెప్పినవాడు గనుక ఆయన మాట ఉపాధ్యాయులు విన్నారు. రాష్ట్రోపాధ్యాయ సంఘం, మనందరికీ ఎస్.టి.యు. అని తెలిసినది, 1947ను తన పుట్టిన సంవత్సరంగా, మఖ్దూంను తన వ్యవస్థాపకునిగా చెప్పుకుంటుంది. పెద్ద సారు జేబులో ఉండే సంఘం డైరీలో కూడా మొదటి పేజీ పేరు ఆయనదే.

సంఘానికి పేరు పెట్టుకున్న ఆ రోజుల్లో ఆయనకు నిలువ నీడ లేదు. పార్టీ మీద నిషేధం, ఆయన అజ్ఞాతంలో ఉన్నారు. 1947 సెప్టెంబరు 11న నిజాంపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో శ్రీ రావి నారాయణరెడ్డి, శ్రీ బద్దం ఎల్లారెడ్డిగార్లతో పాటు ఆయన ఒకరు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తరువాత కూడా పోరాటం ఆగలేదు. దళాలు కృష్ణ ఒడ్డు దాటి నల్లమలలోకి, మా అమ్రాబాద్ అడవుల్లోకి వచ్చాయి. నేను పుట్టిన సంవత్సరాలవి. రాత్రి దళంవారు, పగలు పోలీసువారు అన్నం అడిగేవారని మా అమ్మ చెప్పేది. ఇద్దరికీ పెట్టేవారమని కూడా చెప్పేది. ఆ పోరాటంలో ఎవరిది ఎంత తప్పు అన్న చర్చకు ఈ పత్రిక చోటు కాదు. 1951లో మఖ్దూం పట్టుబడ్డారు. ఆ ఏడాది అక్టోబరులో పోరాటం విరమించారు.

జైలు నుండి వచ్చి 1952 ఎన్నికల్లో నగరంలో నిలిచి ఓడిపోయారు. అదే ఏడు నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి హైదరాబాదు శాసనసభకు వెళ్లారు. ఉర్దూ కవిని నగరం ఓడిస్తే, తెలుగు రైతులు గెలిపించారు. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు మన నల్లగొండ సోదరులమీద గౌరవం పెరుగుతుంది. కొంతకాలం వియన్నాలో ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య కార్యాలయంలో పనిచేశారు, రష్యా, చైనా చూసి వచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత శాసనమండలి సభ్యులై, కన్నుమూసేదాకా ఆ పదవిలో ఉన్నారు. ప్రతిపక్ష నాయకత్వం కూడా వహించారు.

ఆ కాలంలో ఉపాధ్యాయులకు వచ్చిన పెద్ద మార్పు పంచాయతీరాజ్. 1959 అక్టోబరులో మన పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో పండిట్ నెహ్రూగారు దాన్ని ప్రారంభించారు. దేశంలో రాజస్థాన్ తరువాత మనమే. ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. ఊరూరా బడి వచ్చింది. మా పెంటల దాకా టీచరు చేరింది ఈ ఏర్పాటువల్లనే, ఆ మేలు కాదనలేను. కాని టీచరు బదిలీ, జీతం, సెలవు అన్నీ స్థానిక పెద్దల చేతికి, నాబోటి గుమాస్తాల చేతికి చిక్కాయి. గ్రాంటు వస్తుంది, మరో పద్దుకు ఖర్చవుతుంది, పంతులు జీతం వచ్చే నెలకు పోతుంది. ఓటు ఎవరికి వేశాడన్నదాన్ని బట్టి ఘాటు దిగువ మనిషిని ఘాటు పైకి వేసేవారు. దూరప్రాంతం పోస్టింగు అన్న మాటకు మా జిల్లాలో అమ్రాబాద్ అని అర్థం. ఎవరిమీదైనా కోపం వస్తే మన్ననూరు ఎక్కిస్తాననడం మా ఆఫీసుల్లో పరిహాసం. మా ఊరు శిక్షగా మారినందుకు నాకు మనసులో కష్టంగానే ఉండేది, కాని నేనూ నవ్వేవాణ్ణి.

మా వైపు ఉపాధ్యాయ సంఘం బలపడింది ఈ బాధలోనే. పెద్ద నాయకులెవరూ ఘాటు ఎక్కి రాలేదు. సంతరోజున నలుగురు టీచర్లు చింతచెట్టు కింద కలిసేవారు. ఎవరి జీతం ఎన్ని నెలలు ఆగింది, ఎవరి సర్వీసు రిజిస్టరులో ఏ ఎంట్రీ పడలేదు, ఇవి కాగితం మీద వ్రాసుకునేవారు. ఆ కాగితం పట్టుకుని పెద్ద సారు మా ఆఫీసుకు వచ్చేవారు. అదే సంఘం. ప్రభుత్వ పాఠశాల టీచరుకు ఏమున్నదో పంచాయతీరాజ్ టీచరుకూ అదే కావాలన్నది వారి ముఖ్య కోరిక. తరువాత 1971లో పి.ఆర్.టి.యు., 1974లో యు.టి.ఎఫ్. వచ్చాయి. ఒక సంఘం మూడు నాలుగు అయింది. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిన నీడ టీచర్లమీద కూడా పడింది. ఒకే బడిలో ఇద్దరు టీచర్లు రెండు సంఘాల చందా రసీదులు పట్టుకుని మాట్లాడుకోకుండా తిరిగిన రోజులు నేను చూశాను. గుమాస్తాలకు అది సుఖంగా ఉండేదని కూడా చెప్పాలి. అడిగేవాళ్లు తమలో తాము పోట్లాడుకుంటే ఫైలు నిద్రపోతుంది.

మఖ్దూం ఈ చీలికల్లో చాలా వాటిని చూడకుండానే వెళ్లిపోయారు. 1961లో గుల్-ఎ-తర్, 1966లో బిసాత్-ఎ-రక్స్ అచ్చయ్యాయి. విప్లవం పాడిన గొంతుతోనే మల్లెపందిరి కింది ప్రేమనూ పాడారు. ఆ పాట 1964లో సినిమాకెక్కి ఊరూరా రేడియోలో మోగింది. పాడుకున్నవారిలో చాలామందికి అది మన సంఘం మనిషి పాట అని తెలియదు, నాకూ తెలియదు.

1969 తెలంగాణ ఉద్యమ సంవత్సరం. బడులు, కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. జూన్‌లో ఎన్.జి.ఓ.లు సమ్మెకు దిగారు. ఆ ఆగస్టు 25న మఖ్దూం ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. అరవై ఒక్క ఏళ్లు. పార్థివదేహాన్ని హైదరాబాదు తెచ్చి నాంపల్లిలో షా ఖామోష్ దర్గా శ్మశానంలో ఖననం చేశారు. ఆ సంవత్సరపు సాహిత్య అకాడమీ బహుమతి బిసాత్-ఎ-రక్స్‌కు వచ్చింది. 1980లలో టాంక్‌బండ్ మీద నిలబెట్టిన విగ్రహాల వరుసలో ఆయన విగ్రహం ఉంది. హిమాయత్‌నగర్‌లో ఆయన పార్టీ భవనానికి ఆయన పేరే.

తరువాతి కథ మనందరికీ అనుభవమే. 1983లో పదవీ విరమణ వయసు 58 నుండి 55కు తగ్గించినప్పుడు గుమాస్తాలు, టీచర్లు ఒకే షామియానా కింద కూర్చున్నారు. అంతకు కొద్ది నెలల ముందే, 1982 డిసెంబరు 17న, నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా మనం పింఛనుదారుల దినం జరుపుకునేది ఆ తేదీనే. ఆ తీర్పు సంగతి పత్రికలో చదివినప్పుడు నాకు బెంచీ మీది పెద్ద సారు గుర్తుకొచ్చారు. ఆయన ఆ మూడు రోజులు కూర్చున్నది ఆ మాట కోసమే. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరిన పిల్లలకు ఆ పాత పింఛను లేదు, కంట్రిబ్యూటరీ పద్ధతి వచ్చింది. మా మనుమరాలు టీచరు. ఆమె రాత్రి లెక్కలు వేసి నన్ను అడిగితే నేను చెప్పగలిగిన జవాబు లేదు.

పింఛను పనిమీద ఒకసారి హైదరాబాదు వెళ్లినప్పుడు నాంపల్లి స్టేషను దగ్గర రెండు గంటలు ఖాళీ దొరికితే ఆ దర్గాకు వెళ్లాను. ఎండ బాగా ఉంది. రాతిమీది ఉర్దూ అక్షరాలు నాకు చదవరావు. అక్కడున్న ఒక ముసలాయన వేలితో చూపి పేరు చదివి వినిపించాడు. ఫాతిహా చదవడం నాకు తెలియదు, చేతులు కట్టుకుని కాసేపు నిలబడి వచ్చాను.

పెంటలో బడి నడిపిన ఆ సారు 1990లలో రిటైరయ్యారు. ఆ నాటికి సమితులు పోయి మండలాలు వచ్చాయి, నేను సీనియర్ అసిస్టెంటుగా మళ్లీ అదే సెక్షనులో ఉన్నాను. ఆయన పింఛను కాగితాలు నా బల్లమీదికే వచ్చాయి. సర్వీసు వెరిఫికేషన్ కోసం రిజిస్టరు మొదటి పేజీ నుండి తిప్పుతూ వస్తే ఆ ఇంక్రిమెంటు ఎంట్రీ కనబడింది. రావలసిన తేదీకి, వ్రాసిన తేదీకి మధ్య ఐదు నెలలు, పక్కన నా పొట్టి సంతకం. సారు ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ పేజీ ఆయనవైపు తిప్పి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, ఇది ఎప్పటిదో సారూ, పేజీ తిప్పండి, నాకు నాలుగున్నర బస్సు ఉంది అన్నారు. కాగితాలు ఆనాడే పంపించాను.